ఆర్సెనల్ అజేయమా, అజితమా?

సందేహం: ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో 2003–04 ప్రీమియర్ లీగ్ సీజన్ గురించి రాస్తూ 'ఆర్సెనల్ సీజన్ అంతా అజేయంగా నిలిచింది' అన్నానండి. మా ఫ్రెండ్ తప్పంటున్నాడు. 38 మ్యాచుల్లో 26 గెలిచి 12 డ్రా చేసుకున్న టీమ్ అజేయం ఎట్లా అవుతుందంటాడు. ఎవరిది కరెక్టు?

సమాధానం: తప్పుందన్న మాట నిజమేనండి, కానీ మీ ఫ్రెండ్ చెప్పిన కారణం మాత్రం కాదు. జేయం అంటే గెలిచేది కాదు, ఎదుటివాళ్ళు గెలవగలిగేది. దానికి ముందు 'అ' పెడితే ఎవరూ గెలవలేనిది అని వస్తుంది, అంతేగాని అన్నీ గెలిచింది అని రాదు, కాబట్టి డ్రాలు 12 కాదు 38 ఉన్నా ఈ మాటకొచ్చిన నష్టమేం లేదు.

అసలు చిక్కు ఆ 'గెలవలేనిది' దగ్గరే ఉంది. ఓడించడం సాధ్యం కాదు అనడం వేరు, ఓడించలేదు అనడం వేరు కదా. 2003 సెప్టెంబర్‌లో మాంచెస్టర్ యునైటెడ్ గ్రౌండ్ ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మ్యాచ్ చివర్లో వాళ్ళ ఆటగాడు వాన్ నిస్టెల్‌రాయ్ కొట్టిన పెనాల్టీ గోల్ బార్‌కి తగిలి 0–0 అయింది గానీ, అది కాస్త కిందుగా పోయుంటే ఈ సందేహమే మీకు వచ్చేది కాదు. ఆ ఆర్సెనలే లీగ్‌లో వరసగా 49 మ్యాచులు ఓడకుండా వచ్చి, 2004 అక్టోబర్‌లో అదే గ్రౌండ్‌లో 2–0తో ఓడింది. అంటే ఓడించడానికి వీలైనదే, ఆ సీజన్లో ఎవరివల్లా కాలేదంతే. దానికి సరైన మాట అజితం, లేదా అపరాజితం. ఇంగ్లీషువాళ్ళూ 'ఇన్విన్సిబుల్స్' అని పిలుచుకుని ఈ పొరపాటే చేశారు లెండి.

పాణిని లెక్క ఇంకా గట్టిది, 'క్షయ్యజయ్యౌ శక్యార్థే' అని సూత్రం. జయించడానికి వీలైనది జయ్యం, జయించదగినది జేయం. అట్లా చూస్తే అజేయం అంటే ఓడించదగనిది, ఆర్సెనల్‌ని ఓడించడం ధర్మం కాదన్నట్టు! ఆర్సెనల్ ఫ్యాన్స్ సంతోషంగా ఒప్పుకుంటారేమో గాని బద్ధ ప్రత్యర్థులైన టాటెన్‌హామ్ వాళ్ళు చస్తే ఒప్పుకోరు, అసలే ఆ ఏడు టైటిల్ ఖాయమైంది వాళ్ళ గ్రౌండ్‌లోనే.

అయితే మన పేపర్లలో నాటౌట్ బ్యాట్స్‌మన్‌ని 'అజేయంగా 80 పరుగులు' అని రాసీ రాసీ ఓడని, అవుటవని అనే అర్థం స్థిరపడిపోయింది, దాన్నిప్పుడు తప్పనడం నాకిష్టం లేదు. నేను పట్టుకునేది మీరు రాసిన 'సీజన్ అంతా' అన్న ముక్కని. అదే సీజన్లో లీగ్ కాని వేరే టోర్నీల్లో, ఎఫ్ఏ కప్ సెమీస్‌లో మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో, ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్స్‌లో చెల్సీ చేతిలో ఓడి బయటికొచ్చారు, అదీ ఒకే వారంలో. 'ఓటమి ఎరుగని ఆర్సెనల్' అన్నా ఇదే ఇబ్బంది. 'ఆ ఏడు లీగ్‌లో ఆర్సెనల్ ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు' అని రాసేయండి, మీ ఫ్రెండ్‌కీ పేచీ ఉండదు, పాణినికీ ఉండదు.