మీట ఒకరిది, ఒళ్లు ఇంకొకరిది

ప్రశ్న: ఒంటికి వైర్లు తగిలించుకుని జనం ముందు నిలబడే కళాకారుల వీడియోలు కొన్ని చూశాను. అందులో నటన లేదు, నాట్యం లేదు, కథ అసలే లేదు. దీన్ని కళ అని ఎందుకంటున్నారు? రికార్డింగు చూస్తే అర్థం కాదా?
– ఒక పాఠకురాలు

జవాబు: నటుడు తన శరీరాన్ని ఇంకొకరి శరీరంగా చూపిస్తాడు. కళాకారుడు తన ఒంటినే కళాసామగ్రిగా వాడే పర్ఫార్మెన్స్ ఆర్ట్‌లో ఆ మాటుండదు. తగిలిన దెబ్బ దెబ్బే, పట్టిన చెమట చెమటే. మీరు చూసిన వైర్ల సంగతికొస్తే, ఆ దారిలో అందరికంటే ముందు గుర్తుకొచ్చే పేరు ఆస్ట్రేలియా కళాకారుడు స్టెలార్క్‌ది. 1995 నవంబరులో ఆయన లక్సెంబర్గ్‌లో ‘ఫ్రాక్టల్ ఫ్లెష్’ ప్రదర్శించినప్పుడు, పారిస్, హెల్సింకి, ఆమ్‌స్టర్‌డామ్ నగరాల్లోని ప్రేక్షకులు టచ్‌స్క్రీన్‌ను తాకితే ఆయన కండరాలకు విద్యుత్ సంకేతం అంది, ఆయన ప్రమేయం లేకుండానే చెయ్యో కాలో ఎగిరిపడేది. విచిత్రమేమిటంటే, కుడిచేతికి తగిలించుకున్న యాంత్రికమైన మూడో చెయ్యి మాత్రం ఆయన చెప్పుచేతల్లోనే ఉంది. సొంత చెయ్యి పరాయిదై, పరాయి చెయ్యి సొంతమైన ఆ దృశ్యాన్ని చూస్తే, ‘నా ఒళ్లు నా ఇష్టం’ అన్న మాట కాసేపు నోట రాదు. మరుసటి ఏడాది చేసిన ‘పింగ్ బాడీ’లో మీట నొక్కే మనుషులు కూడా లేరు; ఇంటర్నెట్‌లో సంకేతం వెళ్లి రావడానికి పట్టే సమయాన్ని బట్టే ఆయన శరీరం కదిలింది.

అయితే, నా మట్టుకు నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఇరాక్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ వఫా బిలాల్ 2007లో షికాగోలో చేసిన పని. ఒక గ్యాలరీ గదిలో నెలరోజులు నివసించిన ఆయనపైకి, ప్రపంచంలో ఎక్కడివారైనా ఇంటర్నెట్ ద్వారా రంగు గుళ్ల తుపాకీ పేల్చే వీలు కల్పించారు. అరవై వేలకు పైగా గుళ్లు పేలాయి, గదంతా పసుపు రంగు మరకలతో నిండిపోయింది. ఆయన సోదరుడు 2004లో ఇరాక్ యుద్ధంలో మరణించాడని తెలిశాక, దూరం నుంచి పేల్చే ఆ తుపాకీని ఆటవస్తువని సరిపెట్టుకోలేం. ఆ తుపాకీ ఆయన వైపు తిరగకుండా వంతులవారీగా దాన్ని పక్కకు తిప్పి ఉంచిన అపరిచితులూ ఉన్నారు. వారి చేతిలో ఉన్నదీ అదే మౌస్.

దీన్ని 1974లో నేపుల్స్‌లో కళాకారిణి మరీనా అబ్రమోవిచ్ చేసిన ‘రిథమ్ 0’ పక్కన పెట్టి చూడండి. గులాబీ నుంచి పిస్తోలు దాకా 72 వస్తువులను బల్లమీద ఉంచి, వాటిని తనపై ఎలాగైనా వాడవచ్చని ఆమె ఆరు గంటలు కదలకుండా నిలబడ్డారు. గడువు ముగిసి ఆమె తమ వైపు నడిచి వస్తుంటే, అంతసేపూ ఆమెను గాయపరిచినవారు ఎదుట నిలవలేక వెళ్లిపోయారని ఆమే చెప్పారు. బిలాల్‌పై గుళ్లు పేల్చినవారికి ఆ ఇబ్బంది లేదు, పేజీ మూసేస్తే సరిపోయింది. నన్నడిగితే, డిజిటల్ కాలం శరీరాన్ని మాయం చేసిందనడం సరికాదు. శరీరం పాతచోటే ఉంది, దాన్ని కదిలించే వేలే కనుమరుగైంది. ఈ కళాకారులు పట్టుకున్నది ఆ దూరాన్నే.

ఇక రికార్డింగు మాటకొస్తే, స్టెలార్క్ చెయ్యి ఎగిరిపడటం, బిలాల్ గోడలమీది పసుపు రంగు మీకు వీడియోలోనూ కనిపిస్తాయి. కాకపోతే ఆనాటి ప్రేక్షకుడికి తాకాలా వద్దా, పేల్చాలా లేక తుపాకీని పక్కకు తిప్పాలా అని తేల్చుకోవాల్సిన క్షణం ఒకటి ఎదురైంది. వీడియో మీ చేతికి ప్లే బటన్ తప్ప మరో మీట ఇవ్వదు.