దాచిన బీటీ పత్తి గింజలు మళ్లీ పెడితే జన్యువు ఎక్కడికి పోతుంది?

మీవి రెండు ప్రశ్నలు. మునుగోడు దిక్కు చెల్క నేలలో, పోయిన వానాకాలం పత్తి నుంచి తీసిన గింజలే పెడదామంటే దుకాణంవాళ్లు "బీటీ పోతది" అన్నారు, డీఎన్ఏలో ఉన్నది ఎట్లా పోతదన్నది మొదటిది. బ్యాక్టీరియా జన్యువు పత్తి మొక్కకు ఎట్లా తెలుస్తదన్నది రెండోది. బీటీ అంటే ఒక బ్యాక్టీరియా. దాని జన్యువును పత్తిలో పెడితే, కాయ తొలిచే పురుగుకు విషమయ్యే ప్రోటీన్‌ను మొక్కే తయారు చేసుకుంటుంది.

జన్యువు మాయం కాదు. కొన్ని గింజలకు అసలు చేరదు, అంతే. పత్తి కణంలో జన్యువులను మోసే క్రోమోజోములు 52, అంటే 26 జతలు. మన దగ్గర అమ్మే హైబ్రిడ్లలో చాలావాటికి బీటీ జన్యువు ఆడ, మగ మొక్కల్లో ఒకదాని నుంచే వస్తుంది. కాబట్టి జతలో ఒక క్రోమోజోము మీదే ఉంటుంది. పుప్పొడికీ, అండానికీ జతలో ఒక్కటే వెళ్తుంది కనుక సగం పుప్పొడిలో, సగం అండాల్లో బీటీ ఉండదు. లేనిదీ లేనిదీ కలిసిన చోట, అంటే నాలుగో వంతు గింజల్లో, ఆ జన్యువు ఉండదు. బీజీ-2 అనే బీటీ పత్తిలో క్రై1ఏసీ, క్రై2ఏబీ అని రెండు బీటీ జన్యువులు వేర్వేరు చోట్ల ఉంటాయి. సగటున 16 గింజలకు 9లో రెండూ, 3లో మొదటిదే, 3లో రెండోదే ఉంటాయి, ఒకదానిలో ఏదీ ఉండదు. ఎత్తు, కాపు, కాయ సైజు కూడా ఇట్లాగే చెదిరిపోతాయి. అందుకే ఆ గింజలు పెట్టొద్దనే నా సలహా.

చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఈ పంపకం వచ్చే ఏడు జరిగేది కాదు, మీరు కొన్న హైబ్రిడ్ మొక్క మీది కాయలోనే జరిగిపోతుంది. ఆకు, కాయ గోడ తల్లి మొక్కవి, వాటిలో రెండు ప్రోటీన్లూ ఉంటాయి. లోపలి గింజలోని పిండం మాత్రం తర్వాతి తరం. గులాబీ రంగు పురుగు తినేది ఆ గింజనే. ఒకే కాయలో రెండు విషాలూ ఉన్న గింజ, ఒక్కటే ఉన్న గింజ, ఏదీ లేని గింజ పక్కపక్కనే దొరికితే పురుగు తట్టుకోవడం నేర్చేస్తుంది. క్రై1ఏసీని తట్టుకునే గులాబీ పురుగు గుజరాత్‌లో 2010 నాటికే బయటపడింది.

అనుమానమున్న గింజలైతే, మొలిచిన మొక్కలను బీటీ స్ట్రిప్‌తో, అంటే బీటీ ప్రోటీన్ ఉంటే గీత చూపే పట్టీతో చూడండి. లేత ఆకును ట్యూబు మూతతో నొక్కి ఒకటి రెండు బిళ్లలు తీసి, అర మిల్లీలీటరు బఫర్ (పరీక్ష ద్రావణం) పోసి బాగా నూరి, స్ట్రిప్ ముంచి పది నిమిషాలు ఆగాలి. పరీక్ష సరిగా జరిగిందని చూపే కంట్రోల్ గీత రాకపోతే ఆ పరీక్ష లెక్కకు రాదు. నూరే కర్రను కడగకుండా తర్వాతి మొక్కకు వాడితే లేనిచోట కూడా సన్నటి గీత కనిపిస్తుంది. వంద రోజులు దాటిన ముదురు ఆకులో ప్రోటీన్ తగ్గుతుంది, అది పరీక్షకు పనికిరాదు. అన్నిటికంటే ఎక్కువ దెబ్బతీసేది తక్కువ మొక్కలు చూడటం. దాచిన గింజల నుంచి వచ్చిన మొక్కలైనా, నాలుగే చూస్తే నాలుగింటిలోనూ క్రై1ఏసీ గీత రావడానికి మూడో వంతు దాకా అవకాశముంది. ఇరవై చూస్తే ఆ అవకాశం వెయ్యికి మూడే. ఇంకొకటి: స్ట్రిప్ ప్రోటీన్‌ను పడుతుంది, జన్యువును కాదు. జన్యువు జతలో ఒకటి ఉందా రెండున్నాయా అన్నది దానితో తేలదు.

ఇక రెండో ప్రశ్న. డీఎన్ఏలోని ఏ, టీ, జీ, సీ అనే అక్షరాలను మూడేసి చొప్పున చదవడం, ఏ మూడింటికి ఏ అమైనో ఆమ్లం (ప్రోటీన్‌లోని ఒక్కో పూస) అన్నది బ్యాక్టీరియాకూ పత్తికీ ఒకటే. 64 మూడక్షరాల మాటల్లో 61 అమైనో ఆమ్లాలకు, 3 ఆపమని చెప్పడానికి. ఈ సంకేతాన్ని విప్పినందుకే హరగోవింద్ ఖొరానా, నిరెన్‌బర్గ్, హోలీలకు 1968లో నోబెల్ వచ్చింది. అయినా బ్యాక్టీరియా జన్యువును ఉన్నదున్నట్టు పెడితే మొక్కలో పని సరిగా జరగలేదు. అందులో ఏ, టీలు మరీ ఎక్కువ. ఏఏటీఏఏఏ లాంటి వరుస వస్తే, ఆర్ఎన్ఏ, అంటే ప్రోటీన్ తయారీకి జన్యువు నుంచి తీసే నకలు, అక్కడితో ముగిసిందని మొక్క మధ్యలోనే తెంచేస్తుంది. దీనికి దారి ఆ సంకేతంలోనే ఉంది: లూసిన్ అనే అమైనో ఆమ్లానికి ఆరు మాటలున్నాయి, టీటీఏ తీసి సీటీసీ పెట్టినా వచ్చేది లూసినే. ఇట్లా ప్రోటీన్ మారకుండా జన్యువులో అక్షరాలను దిద్ది 1990 ప్రాంతంలో మళ్లీ పెట్టారు. మొక్కలో తయారయ్యే ప్రోటీన్ వంద రెట్ల దాకా పెరిగింది.