పేరు పెట్టే ముందు పిలిచి చూడు

నల్లగొండ

బుజ్జీ,

నువ్వు ఫోటో తీసి పంపిన పేర్ల కాగితం చూశాను. అండాళు, అలివేలు, అనసూయ, రుక్మిణి, అడుగున వేరే చేతిరాతతో వకుళ. ఆ చేతిరాత మీ అత్తగారిదని నువ్వు చెప్పకపోయినా తెలుస్తోంది. పాప పుట్టి తొమ్మిది రోజులు కూడా కాలేదు, అప్పుడే తల్లిగారింట్లో, అత్తగారింట్లో, నీ ఆఫీసు గ్రూపులో తలా ఒక మాట అని నిన్ను టెన్షన్ పెట్టేశారని అర్థమైంది. "పెద్దమ్మా, ఒకటి నువ్వే ఫైనల్ చెయ్యి" అన్నావు. చెయ్యను. 34 ఏళ్లు బడిలో హాజరు పిలిచినదాన్ని కాబట్టి ఏ పేరు నోట్లో ఎలా పలుకుతుందో, పిలిస్తే పిల్ల మొహం ఎలా మారుతుందో మాత్రం నాకు తెలుసు. అది చెప్తాను, తేల్చుకునేది మీరిద్దరే.

ముందు ఆ కాగితం పక్కన పెట్టు. వాకిట్లోకొచ్చి, పాప నాలుగిళ్ల అవతల ఆడుకుంటోంది అనుకుని గట్టిగా పిలువు. చేతి నిండా పని ఉన్నప్పుడు ఒకసారి, కోపంగా ఒకసారి. అల్లుడితో కూడా పిలిపించు, సిగ్గుపడితే ఊరుకోకు. రెండు రోజుల్లో నోరే కొన్నింటిని కొట్టేస్తుంది. రుక్మిణి అని ముచ్చటగా రాసుకున్నావు గానీ సాయంత్రానికల్లా అది రుక్కు అయిపోతుంది, నేను పందెం కాస్తా. రుక్కు నీకు ఇష్టమైతే సరే. లేకపోతే మానుకో, పిల్ల పెరిగేది రుక్కుతోనే కదా. అనసూయకు వంక పెడదామంటే నాకేమీ దొరకలేదు. అసూయ లేనిదని అర్థం చెప్పుకోవచ్చు, ఇంగ్లీషులో రాసినా పెద్దగా చెడదు. వంక దొరకకపోవడమే దాని వంకేమో మరి.

వకుళ దగ్గర గొడవ పడకు. పాపది రోహిణి నక్షత్రం, ఓ, వా, వీ, వూ అక్షరాలు వచ్చాయి, అందుకని ఆమె ఆ పేరు రాశారు. తొట్టెల్లో వేసే రోజు పళ్లెంలో బియ్యం పోసి ఉంగరంతో పేరు రాసేటప్పుడు జన్మనామం వకుళ అని రాయించండి, చెవిలో చెప్పించండి. ఆమె మనసు కుదుటపడుతుంది. పిలిచే పేరు వేరే ఉండొచ్చు. మీ అమ్మకూ అలాగే ఒక జన్మనామం ఉంది. ఏమిటో అడిగి చూడు, దానికే గుర్తుండదు.

అలివేలు నాకు ఇష్టం. తమిళంలో అలర్ అంటే పువ్వు, మేల్ అంటే మీద. తిరుచానూరులో పద్మం మీద కూర్చున్న అమ్మవారి పేరు మన దాకా వచ్చేసరికి నలిగి నలిగి అలివేలు అయింది. నా క్లాసులో ఒక అలివేలు ఉండేది. మగపిల్లలు "ఏ వేలు?" అని చేతులు చూపించి ఏడిపిస్తుంటే, ఒకరోజు చూపుడువేలు వాళ్ల మొహం ముందు ఆడించి "ఈ వేలు, సారుకు చెప్పే వేలు" అంది. నీ బిడ్డకు ఆ నోరు ఉంటుందన్న నమ్మకముంటే పెట్టుకో. తల్లిని చూస్తే ఉండేలాగే ఉంది.

ఒక మాట అడగనా? పాత పేర్లు కావాలన్నావు గానీ, మన దిక్కు పాత పేరు ఒక్కటీ నీ కాగితంలో లేదు. యాదగిరిగుట్టకు మొక్కుకుని కన్న బిడ్డ యాదమ్మ. జాన్‌పహాడ్ సైదులు దర్గాకు మొక్కుకుంటే సైదమ్మ, వాళ్లు హిందువులైనా సరే. పెద్దగట్టు లింగమంతుల స్వామి పేరున లింగమ్మ. అటు పాలమూరు దిక్కు పోతే కురుమూర్తి స్వామి పేరుతో కుర్మమ్మలు, గద్వాల దగ్గర జమ్ములమ్మలు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకే తరగతిలో ఐదుగురు యాదమ్మలు. బావికాడి యాదమ్మ, పెద్ద యాదమ్మ, సారా దుకాణం యాదమ్మ అని గుర్తులు పెట్టుకుని పిలిచేదాన్ని. నీ కాగితంలో ఈ పేర్లు ఎందుకు లేవో నాకు తెలుసు, నీకూ తెలుసు. పురాణంలో ఉంటే పాత పేరు, కైకిలికి, అంటే కూలికి పోయినామెది అయితే మోటు పేరు. పెట్టమని అనడం లేదు. కానీ యాదమ్మను ఇంట్లో యాది అని పిలిచేవాళ్లు. యాది అంటే మన మాటలో జ్ఞాపకం. సిటీలో రెండక్షరాల పేర్ల కోసం అంత వెతుకుతున్నారు కదా, ఇది ఎవరికీ తట్టలేదెందుకో.

అంతకన్నా పాతవి కావాలంటే సూర్యాపేట దగ్గర పిల్లలమర్రి పోయి చూడు. అక్కడ 1208లో ఎరకేశ్వరాలయం కట్టించినామె ఎరకసానమ్మ. పాలమూరు జిల్లా భూత్పూర్‌లో 1276లో శాసనం వేయించినామె కుప్పాంబిక. ఎరకసానీ అని వాకిట్లో నిలబడి పిలిచే ధైర్యం నీకుంటే నేనే వచ్చి తొట్టెల ఊపుతా.

ఇక అండాళు. మా అమ్మ పేరు కాబట్టి దీని మీద నా మాట సగమే నమ్ము. పన్నెండుమంది ఆళ్వార్లలో ఒక్కతే ఆడామె, ధనుర్మాసంలో పాడే 30 తిరుప్పావై పాశురాలు ఆమెవే. మా తాతకు అందులో ఒక్క పాశురమూ రాదు. గుడి అయ్యగారు చెప్పిన పేరు పెట్టేశాడు, అంతే. ఆ పేరుతో అమ్మను ఎవరైనా పిలవగా నేను విన్నది చాలా తక్కువ. నాయన "ఇగో" అనేవాడు. నాయనమ్మ "పిల్లా" అనేది. ఊళ్లోవాళ్లు ముందు నర్సింహ పెండ్లాం అన్నారు, తర్వాత నాకు ఉద్యోగం వచ్చాక టీచరమ్మ తల్లి అన్నారు. ఓటర్ల లిస్టులో ఆండమ్మ, రేషన్ కార్డులో అండలు.

ఆమె పేరు ఆమెదిగా ఉన్న చోటు ఒక్కటే, పెళ్లికి తల్లిగారు పెట్టిన ఇత్తడి బిందె. ఇప్పుడు నా దగ్గరే ఉంది. మెడ కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు, "అండాలు" అని. ళ కొట్టాల్సిన చోట దుకాణపాయన ల కొట్టాడు. చింతపండు పెట్టి తోమీ తోమీ సున్న అరిగిపోయింది, ఇప్పుడు చూస్తే అడాలు అని కనిపిస్తుంది. అమ్మకు చదువు రాదు. అయినా కరెంటు పోయినప్పుడు కూడా చీకట్లో వేలితో తడిమి తన బిందె ఏదో, తోడికోడలి బిందె ఏదో చెప్పేది.

నువ్వు ఆ పేరు రాశావని చూడగానే నాకు ఏడుపొచ్చింది. అయినా ఒక చిక్కు చెప్తాను విను. మీ అమ్మకూ నాకూ మా అమ్మ పేరు పెట్టి "ఒసేయ్ అండాళూ, అన్నం తిను" అని కసరడానికి నోరు రాదు. పెద్దల పేరు పెట్టుకున్న ప్రతి ఇంట్లో జరిగేది ఇదే. చిన్ని, బంగారం, అమ్ములు అని ఏదో ఒకటి తగిలిస్తాం, స్కూల్లో చేర్పించే రోజు దాకా అసలు పేరు ఎవరికీ పట్టదు. ఆ పేరు మళ్లీ బిందె మీదికే పోతుంది. కాబట్టి అండాళు అనుకుంటే ముందు మీ అమ్మతో పిలిపించు. నోరు తిరగకపోతే వదిలెయ్యి. మేమేమీ అనుకోం. తిరిగితే మాత్రం ముద్దుపేర్లు మొదలుపెట్టనివ్వకు, నన్ను కూడా.

నా పేరు విజయలక్ష్మి అనే కదా నీకు తెలిసింది. నన్ను బడిలో వేసిన రోజు సారు రాసిన పేరది. నాకు ముందు పుట్టిన ఇద్దరు దక్కలేదు. నేను పుట్టగానే పెంటకుప్ప మీద పెట్టారట, పక్కింటామె ఎత్తుకుందట, ఆమె దగ్గర చాటెడు తవుడిచ్చి అమ్మ నన్ను కొనుక్కుందట. అందుకే బిక్షమ్మ. అప్పట్లో పెంటమ్మలు, బిక్షమ్మలు ఇంటికొకరు ఉండేవాళ్లు. పేరు వింటేనే చావుకు మొహం మొత్తాలని. "ఇదేం పేరు" అని సారు ఎవర్నీ అడక్కుండా మార్చేశాడు, నేను సంబరపడ్డాను కూడా. అమ్మ మాత్రం పోయేదాకా బిచ్చా అనే పిలిచింది. ఇప్పుడు అట్లా పిలిచే మనిషి లేదు. మీ పెదనాన్నను ఒకసారి పిలవమన్నాను. నవ్వారు, పిలవలేదు.

కాగితాల సంగతి కూడా చెప్పేస్తాను, నువ్వు రెండు ఇరవై ఒకట్లను కలిపేసి భయపడుతున్నావు. తొట్టెల్లో వేసేది 21వ రోజు. ప్రభుత్వానికి పుట్టుక తెలపాల్సింది కూడా 21 రోజుల్లోపే, కానీ అది పుట్టుక సంగతి, పేరు సంగతి కాదు. పాప హాస్పిటల్‌లో పుట్టింది కాబట్టి ఆ సమాచారం వాళ్లే పంపుతారు, పంపారో లేదో కనుక్కో. పేరు గడి ఖాళీగా ఉన్నా నమోదు అవుతుంది. ఏడాది లోపు పేరు చేర్పిస్తే ఫీజు లేదు, ఆ తర్వాత 15 ఏళ్ల దాకా ఫీజు కట్టి చేర్చుకోవచ్చు. అట్లాగని సాగదీయకు. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు స్కూలుకైనా, ఆధార్‌కైనా, పాస్‌పోర్ట్‌కైనా ఈ బర్త్ సర్టిఫికెట్టే మూలం. మా కాలంలో లాగా సారు కలం పోటుతో మారిపోయే పేరు కాదు.

అక్కడ స్పెల్లింగ్ మాత్రం నోటితో చెప్పకు. తెలుగులో, ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసివ్వు, కంప్యూటర్లో కొట్టాక తెర నీవైపు తిప్పించి చదువుకో. ఇంగ్లీషులో మన ళ లేదు, ణ లేదు. వకుళ వకుల అవుతుంది, అండాళు మళ్లీ అండాలే అవుతుంది. నేను చదువు చెప్పిన ఒక సైదమ్మకు పదో తరగతి మెమోలో సాయిదమ్మ అని పడింది. కొట్టినాయన ఆమెను సాయిబాబా భక్తురాలు అనుకున్నాడో ఏమో. దాన్ని సరిచేయించుకోవడానికి ఆ పిల్ల బాండ్ పేపర్లు పట్టుకుని ఎన్ని నెలలు తిరిగిందో నేను కళ్లారా చూశాను.

తొట్టెల రోజు పొద్దున్నే మిర్యాలగూడ బస్సెక్కుతాం. పాపకు ఒక చిన్న ఇత్తడి బిందె తీసుకున్నా. పేరు కొట్టించాలంటే కనీసం నాలుగు రోజుల ముందు ఏదో ఒకటి తేల్చి చెప్పు. అండాళైనా, అలివేలైనా, ఏదైనా సరే. ఈసారి దుకాణంలో కాగితం మీద రాసిచ్చి, కొట్టేదాకా పక్కనే నిలబడతా.

నువ్వు వేళకు తిను. వేడినీళ్లే తాగు.

మీ పెద్దమ్మ