అన్నం చల్లారుతోందని మీ నాన్నకి చెప్పు

పాఠకుల ప్రశ్నలకు కౌన్సెలర్ల జవాబులు. ఈసారి అన్నీ మాటల తగువులే.

ప్రశ్న: మావారు గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తారు. ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిది. ఏ విషయం ఎత్తినా "ఇప్పుడొద్దు" అంటారు. మళ్లీ అడిగితే ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్లిపోతారు. మొన్న బాబు స్కూలు ఫీజు దగ్గర మొదలైన మాట మా పుట్టింటివాళ్ల దాకా వెళ్లింది. తప్పు నాదా, ఆయనదా?
– ఓ పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: మీరు వెంటపడుతున్నారని ఆయన తప్పుకుంటున్నారు, ఆయన తప్పుకుంటున్నారని మీరు వెంటపడుతున్నారు. ఎవరు మొదలుపెట్టారని తవ్వుకుంటూ పోతే పెళ్లిపీటల దాకా వెళ్తారు తప్ప మొదలు దొరకదు. అమెరికాలో ఆండ్రూ క్రిస్టెన్‌సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దంపతుల్లో ఈ తిరగలినే చాలా ఏళ్లు పరిశీలించారు. అందులో తేలిన ఒక సంగతి మీకు పనికొస్తుంది. ఏదో ఒకటి మారాలని కోరుకునేవారే ఎక్కువగా వెంటపడతారు, ఉన్నదున్నట్టు సాగితే చాలనుకునేవారు తప్పుకుంటారు. అందుకని దీన్ని పూర్తిగా ఆయన స్వభావం కింద జమకట్టకండి. ఊళ్లో స్థలం కొందామని ఆయనే అన్న రోజు గుర్తుచేసుకోండి. ఆరోజు "తర్వాత చూద్దాం" అన్నది మీరేనేమో.

ముందు వేళ సంగతి. గుమ్మంలో చెప్పులు విప్పుతున్న మనిషిని ఫీజు అడగొద్దు. పొద్దున్నే చెప్పి ఉంచండి: "రాత్రి భోజనమయ్యాక బాబు ఫీజు గురించి పది నిమిషాలు మాట్లాడుకోవాలి." ఏం విషయమో, ఎంతసేపో రెండూ అందులో ఉండాలి. మధ్యాహ్నం మూడింటికి "మీతో మాట్లాడాలి" అని ఒక్క ముక్క మెసేజ్ పెట్టి ఊరుకుంటే, ఆయన సాయంత్రం దాకా ఏమేమో ఊహించుకుని తయారై వస్తారు.

ఇక మొదటి వాక్యం. సియాటిల్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ గాట్‌మన్ బృందం దంపతులు వాదించుకుంటుంటే వీడియో తీసి, గుండె వేగం కొలిచి చూసింది. మాట మొదలైన మొదటి మూడు నిమిషాలను బట్టే అది ఎలా ముగుస్తుందో చాలావరకు చెప్పొచ్చని తేల్చింది. ఫీజు మాట ఇళ్లలో సాధారణంగా ఇలా మొదలవుతుంది: "ఎప్పుడు చూసినా అన్నీ నేనే చూసుకోవాలి, మీకేమీ పట్టదు." ఇందులో ఫీజు ఎక్కడుంది? "ఎప్పుడు చూసినా", "అన్నీ", "ఏమీ" మాత్రం ఉన్నాయి. మూడింటినీ ఒక్క ఉదాహరణతో కొట్టేయొచ్చు. "పోయిన నెల కరెంటు బిల్లు ఎవరు కట్టారు?" అంటారాయన. అక్కడితో ఫీజు పోయి బిల్లు వచ్చింది. ఇంకో రెండు వాక్యాలకి పుట్టిల్లు వస్తుంది.

అదే విషయాన్ని ఇలా అని చూడండి: "బాబు ఫీజుకి పదో తారీఖు గడువు. నా దగ్గర సగమే ఉంది. దగ్గర పడుతుంటే కంగారుగా ఉంది. ఏదో ఒకటి ఈరోజు తేలాలి. మిగతాది శనివారంలోగా మీరు సర్దగలరా, లేక స్కూల్లో వాయిదా అడగమంటారా?" జరిగింది, మనసులో ఉన్నది, కావలసింది, అడిగేది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మార్షల్ రోజెన్‌బర్గ్ నేర్పిన వరస ఇది. చివర్లో అడిగేది ఉంటేనే ఇది పనిచేస్తుంది. చాలామంది మూడోదాని దగ్గర ఆగిపోయి, "అర్థం చేసుకోవద్దూ?" అని ఎదురుచూస్తారు.

ఇక్కడ ఒక దొంగదారి ఉంది. "మీరు నన్ను లెక్కచేయట్లేదని అనిపిస్తోంది" అనే మాట. చివర్న "అనిపిస్తోంది" తగిలించినంత మాత్రాన అది మనసులో మాట కాదు, నేరారోపణే. భయం, దిగులు, విసుగు, ఒంటరితనం, సిగ్గు – ఇలాంటి మాట ఒకటి వాక్యంలో ఉందో లేదో చూసుకోండి.

బాల్కనీ సంగతి ఆయనతో కలిసి చదవండి. తగువులో గుండె నిమిషానికి 100 దాటి కొట్టుకుంటున్నప్పుడు ఎదుటివారి మాట చెవిన పడ్డా బుర్రకెక్కదు. లేచి వెళ్లడం తప్పేం కాదు. ఎప్పుడు వస్తారో చెప్పకుండా వెళ్లడమే తప్పు. "నాకు బుర్ర వేడెక్కింది, పదింబావుకి మళ్లీ కూర్చుందాం" అనాలి. లేచినవారే ఆ టైముకి తిరిగొచ్చి మాట మళ్లీ ఎత్తాలి. విరామం ఇరవై నిమిషాలకి తగ్గకూడదు, ఒళ్లు చల్లబడటానికి కనీసం అంత పడుతుంది. ఆ సమయంలో మొక్కలకి నీళ్లు పోయొచ్చు, బట్టలు మడతపెట్టొచ్చు, అపార్ట్‌మెంట్ చుట్టూ నాలుగు రౌండ్లు తిరగొచ్చు. "వెళ్లాక ఇలా అడుగుతా, అలా కడుగుతా" అని లోపల రిహార్సల్ వేసుకుంటే మాత్రం గంటైనా చల్లారదు. మీ వంతు కూడా ఉంది. పదో నిమిషంలో బాల్కనీ తలుపు తీసి "అయిందా?" అనకండి. లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది.

ప్రశ్న: నాకూ మావారికీ మాటల్లేక ఐదు రోజులు. మా పాపకి ఎనిమిదేళ్లు. "అన్నం చల్లారుతోందని మీ నాన్నకి చెప్పు", "బండి తాళాలెక్కడో మీ అమ్మనడుగు" – ఇలా నడుస్తోంది. పాప బాగానే ఉంది, నవ్వుతూనే తిరుగుతోంది. ఫరవాలేదా?
– ఓ పాఠకురాలు, ఉప్పల్

జవాబు: ఫరవాలేదు అనలేం. ఆ పిల్ల ఏం మోస్తోందో చూడండి. మీరు "నాన్నకి చెప్పు" అన్నప్పటి గొంతు దానికి తెలుసు. ఆ గొంతుతో చెప్తే నాన్న కసురుతారని కూడా తెలుసు. అందుకని మధ్యలో దాన్ని మెత్తగా చేసి చెప్తుంది. అటునుంచి వచ్చేటప్పుడు "నాన్న ఇప్పుడు తినరట" అంటుంది. ఆ "ట" చూశారా? ఇది నా మాట కాదు, నన్ను కొట్టకండి అని దాని అర్థం. ఎనిమిదేళ్లకే రాయబారం నేర్చింది. నవ్వుతూ తిరగడం ఆ రాయబారంలో భాగమే కావచ్చు.

పై జవాబులో చెప్పిన విరామానికీ దీనికీ పోలిక లేదు. దానికి పదింబావు అనే గడువుంది. మాటలు మానేయడానికి గడువుండదు. ఎవరు ముందు పలికితే వాళ్లు ఓడినట్టు లెక్క, అదే దీన్ని లాగుతుంది.

ఈ పూటే పాపని తప్పించండి. తగువు తేలక్కర్లేదు. "అన్నం పెట్టాను", "తాళాలు టీవీ మీద ఉన్నాయి" అనే రెండు ముక్కలు మీరే ఆయనతో నేరుగా అనండి. ముభావంగా అన్నా సరే. పాపతో ఇద్దరిలో ఒకరు చెప్పాలి: "మేం పోట్లాడుకున్నాం, నీవల్ల కాదు, ఇక మా మాటలు మేమే చెప్పుకుంటాం." తగువెందుకో దానికి వివరించొద్దు.

తర్వాత సారీ. మన ఇళ్లలో సారీలు ఎక్కువగా చెడేది ఒక్క "కానీ" దగ్గర. "అలా అనకుండా ఉండాల్సింది, కానీ నువ్వు మాత్రం..." అంటే ముందు సగం చెల్లదు. "నీకు బాధ కలిగి ఉంటే సారీ" అన్నదీ అంతే, బాధపడటం అవతలివారి పొరపాటన్నట్టు ఉంటుంది. సరైన సారీ ఇలా ఉంటుంది: "మీ చెల్లెలి ముందు నీ జీతం గురించి తీసిపారేసినట్టు మాట్లాడాను. నీకు తలవంపులైంది. ఇకనుంచి డబ్బు విషయం మనిద్దరి మధ్యే మాట్లాడతాను." చేసిన పని, దానివల్ల ఏమైంది, ఇకముందు ఏంచేస్తారు. అక్కడ ఆపాలి. వెంటనే "సరేనా? పోయిందా కోపం?" అని రసీదు అడగకూడదు.

ప్రశ్న: మాది గుంటూరు. కోడలిది కరీంనగర్. మంచి పిల్లే. కానీ "అత్తమ్మా, నువ్వు తిన్నవా?" అంటుంది. పక్క ఫ్లాట్‌వాళ్లతో "మా అత్తమ్మ చెప్పింది" అంటుంది. నాకు ముల్లులా గుచ్చుకుంటోంది. అబ్బాయితో చెప్పిస్తే చిన్నబుచ్చుకుంది.
– ఓ అత్తగారు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: మీకు గుచ్చుకున్నది నిజం, ఆమె గుచ్చలేదన్నదీ నిజం. తెలంగాణలో చాలా ఇళ్లలో అమ్మనీ అత్తనీ, ఒక్కోచోట తాతనీ "నువ్వు" అనే అంటారు. అక్కడ గౌరవం "అండి"లో ఉండదు, "అత్తమ్మా" అని పిలవడంలో, అన్నం వేళకి మీరు తిన్నారో లేదో కనుక్కోవడంలో ఉంటుంది. మీ వైపు క్రియాపదం చివర ఉండే గౌరవం వాళ్ల వైపు పిలుపులో ఉందన్నమాట. మాటకి మీరు "తిన్నారా అత్తయ్యగారూ" అనిపించుకోవాలనుకుంటే, ఆ "గారు" ఆమె చెవికి పరాయి మనిషిని పిలిచినట్టుండొచ్చు.

అబ్బాయితో చెప్పించడం దగ్గరే పని చెడింది. మీరు చెప్పి ఉంటే అది ఒక కోరిక. మొగుడు మోసుకొచ్చేసరికి ఫిర్యాదు అయింది. ఆమెనే కూర్చోబెట్టుకుని, వంటింట్లో పని చేసుకుంటూ ఒక్కసారి అనండి: "మా వైపు పెద్దవాళ్లని మీరు అంటారమ్మా, నువ్వు అంటే నా చెవికి ఇంకా అలవాటు కాలేదు. మా చుట్టాలొచ్చినప్పుడు మీరు అంటావా? మనింట్లో నీ నోటికొచ్చినట్టే పిలువు." ఒకచోటికి అడిగి ఇంకోచోట వదిలేయండి. అన్నిచోట్లా మార్చమంటే ఆమె మీతో మాట్లాడటమే తగ్గిస్తుంది, అప్పుడు "నువ్వు తిన్నవా" కూడా మిగలదు. "కొందరికి మర్యాదలు నేర్పలేదు" అని గోడకి చెప్పినట్టు అనకండి. ఆ ఎత్తిపొడుపు మాత్రం ఏ యాసలోనైనా ఇట్టే అర్థమవుతుంది.

ప్రశ్న: మాటల విలువ 7 శాతమే, మిగతా 93 శాతం గొంతు, హావభావాలే అని మా ట్రైనింగ్‌లో చెప్పారు. నిజమేనా?
– ఓ ఉద్యోగి, అమీర్‌పేట

జవాబు: కాదు. ఆ అంకెలు 1967లో ఆల్బర్ట్ మెహ్రాబియన్ చేసిన రెండు చిన్న ప్రయోగాలవి. ఒకరి మీద ఇష్టమా అయిష్టమా అన్నది, మాటకీ గొంతుకీ ముఖానికీ పొంతన లేనప్పుడు, వినేవాళ్లు దేన్నిబట్టి పోల్చుకుంటారు? ఆయన చూసింది అంతే. అన్ని సంభాషణలకీ ఇది వర్తించదని ఆయనే చెప్పారు. లేకపోతే కన్నడం రానివాడు కూడా బెంగళూరులో నూటికి 93 వంతులు అర్థం చేసుకోవాలి కదా. "ఏం లేదు, బాగానే ఉన్నా" అని మూతి ముడుచుకున్న మనిషి దగ్గర మాత్రం మాటని కాక మూతిని నమ్మండి.

ప్రశ్న: కోపమొస్తే చెయ్యి చేసుకుంటాడు. ఎలా మాట్లాడితే కోపం రాకుండా ఉంటుంది?
– పేరు, ఊరు వద్దన్నారు

జవాబు: ఈ పేజీలో చెప్పిన ఏ చిట్కా మీ ప్రశ్నకి పనికిరాదు. కొట్టడం మీ మాటవల్ల మొదలవలేదు, మీ మాటతో ఆగదు. 181 మహిళల హెల్ప్‌లైన్, అప్పటికప్పుడు ప్రమాదమైతే 112. గృహహింస నిరోధక చట్టం 2005 కింద రక్షణ ఉత్తర్వు, ఆ ఇంట్లోనే ఉండే హక్కు అడగొచ్చు. హింసకు గురైన మహిళల కోసం ప్రభుత్వం నడిపే సఖి కేంద్రంలో ఆశ్రయం, వైద్యం, న్యాయసాయం ఒకేచోట దొరుకుతాయి. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, పిల్లల సర్టిఫికెట్ల నకళ్లు నమ్మకమైన వారింట్లో ముందే ఉంచండి. అతనితో కలిసి దంపతుల కౌన్సెలింగ్‌కి ఇప్పుడే వెళ్లకండి. అక్కడ చెప్పినదానికి ఇంట్లో దెబ్బలు పడొచ్చు.

ప్రశ్న: నల్లగొండలో నాన్న పొలం అమ్మే సంగతి ఫ్యామిలీ గ్రూపులో పెద్ద మెసేజ్‌గా రాశాను. డల్లాస్‌లో ఉన్న తమ్ముడు బొటనవేలి గుర్తొకటి పెట్టి ఊరుకున్నాడు. ఒళ్లు మండి నాలుగు అన్నాను. ఇప్పుడు మాటల్లేవు.
– ఓ పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: ఆ బొటనవేలు మీకు "పోవే" అన్నట్టుంది. ఆఫీసు చాటింగుల్లో బతికేవాడికి అది "చూశాను" మాత్రమే. రాసేవాడికి తన గొంతు లోపల వినిపిస్తూ ఉంటుంది కాబట్టి అవతలివారికీ వినిపిస్తుందనుకుంటాడు. జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులు 2005లో ఈమెయిళ్ల మీద చూపించింది ఇదే. వెటకారంగా రాశామో, నిజంగానే రాశామో అవతలివారు పట్టేస్తారని రాసినవాళ్లకి ఉన్న నమ్మకం వాస్తవం కంటే చాలా ఎక్కువ.

పొలం, అప్పు, పెళ్లి, జబ్బు – వీటికి ఫోనే. డల్లాస్ మనకంటే వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది. మార్చిలో, నవంబరులో అక్కడ గడియారాలు మారుస్తారు. మీకు శనివారం రాత్రి ఎనిమిదైతే వాడికి శనివారం పొద్దున తొమ్మిదిన్నరో ఎనిమిదిన్నరో. ఆఫీసు లేదు, బుర్ర తాజాగా ఉంటుంది. మామూలు రోజు చేస్తే పరుగుల మీద ఉంటాడు. మాటయ్యాక అదే రోజు వాడికొక్కడికే నాలుగు వాక్యాలు రాయండి: "మనం అనుకున్నది ఇది: ధర ఇంత, కాగితాలు ఫలానావాళ్లు చూస్తారు, డబ్బు పంపకం ఇలా. తప్పుంటే రేపు సాయంత్రంలోగా చెప్పు." వాడు సరే అన్నాకే గ్రూపులో పెట్టండి. బాబాయిలూ మేనత్తలూ చూస్తున్న చోట మొదలైన తగువులో వెనక్కి తగ్గడం ఎవరికైనా నామోషీ. వాయిస్ మెసేజ్ పంపితే నిమిషం దాటనివ్వకండి, ఒక్క విషయమే చెప్పండి. ఏడు నిమిషాల వాయిస్‌ని ఎవరూ చివరిదాకా వినరు. విన్నామని మాత్రం అంటారు.

ముందు ఆ "నాలుగు" మాటలకి పైన చెప్పిన సారీ, "కానీ" లేకుండా.

ప్రశ్న: ఎస్సార్‌నగర్‌లో హాస్టల్‌లో ఉంటూ కోచింగ్ తీసుకుంటున్నాను. అమ్మ రోజూ ఫోన్ చేసి "తిన్నావా?" అంటుంది. "ఆ తిన్నా" అంటాను. నలభై సెకన్లలో అయిపోతుంది. ఇద్దరికీ చిరాకే.
– ఓ నిరుద్యోగి

జవాబు: అమ్మకి నీ సిలబస్ తెలియదు, నోటిఫికేషన్ సంగతి అడిగితే నువ్వు కసురుతావు. అడగడానికి ఆమెకి మిగిలిన ప్రశ్న అదొక్కటే. నువ్వేమో దానికి అవును, కాదు అనే జవాబిస్తున్నావు. ఇంకొక్క ముక్క కలిపి చూడు: "తిన్నా, ఇవాళ మెస్సులో దొండకాయ, ఉడకలేదు." దొండకాయ ఎలా ఉడకాలో ఆమెకి ఐదు నిమిషాల మాట ఉంది. అది అయ్యాక నువ్వొకటి అడుగు: "మనింట్లో ఏం కూర?"