ఎదురుచూపు ఖర్చు గురించి రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

ఫోనూ వైఫై పెట్టెలూ కొన్ని యాంటెన్నాల్ని ఆపి కరెంటు మిగుల్చుకోవడం మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని. "యాంటెన్నాలు పెరిగితే అవి బ్యాటరీ తినేస్తాయి" అని మొదలుపెట్టావు. ఆ వాక్యం కొట్టెయ్. యాంటెన్నా ఒక లోహపు ముక్క. సిగ్నల్ పట్టుకోవడానికి దానికి కరెంటు అక్కర్లేదు. కరెంటు తాగేవి దాని వెనకాల ఉన్నాయి: సన్నటి సిగ్నల్‌ని పెంచే యాంప్లిఫయర్, దాన్ని కింది ఫ్రీక్వెన్సీకి దించే మిక్సర్, చివర్న అంకెలుగా మార్చే ఏడీసీ. ఒక్కో యాంటెన్నాకి అలాంటి వరస ఒకటి. నాలుగు యాంటెన్నాలంటే నాలుగు వరసలు, ఆపైన నాలుగింటినీ కలిపి వేసే లెక్కలు. ఒకప్పుడు నేనూ ఇదే తప్పు అచ్చులో పెట్టాను. ఒక రేడియో మెకానిక్కు పోస్టుకార్డు రాసి దిద్దాడు. ఆయన రుణం ఇంకా తీరలేదు.

ఇక నీ పోలిక. అక్కర్లేని తూములు మూసేసినట్టు యాంటెన్నాలు ఆపేస్తారన్నావు. వినడానికి బాగుంది, కానీ తూము మూస్తే ఆ నీళ్లు పక్క బోదెకి పోతాయి. ఇక్కడ ఒక వరస ఆపితే పక్క వరసకి సిగ్నల్ ఏమీ పెరగదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచీ నీళ్ల వంతులు చూసిన నేల మనది. మన రైతు ఆ వాక్యం దగ్గరే ఆగిపోతాడు.

నాకైతే రేవు గుర్తొస్తుంది. చిన్నప్పుడు మా లంక రేవులో రాత్రిళ్లు పడవవాళ్లు నలుగురుండేవారు. ముగ్గురు పడుకునేవారు, ఒకడు చెవి ఒగ్గి కూర్చునేవాడు. అవతలి గట్టు నుంచి "ఓ పడవా!" అని కేక వినపడితే ముగ్గుర్నీ లేపి బదులు కేక వేసేవాడు. 2009 నాటి 802.11ఎన్ వైఫై ప్రమాణంలో ఉన్న ఒక పద్ధతి అచ్చం ఇదే. ఖాళీగా ఉన్నంతసేపూ రిసీవర్ ఒక్క వరసతోనే వింటుంది. పంపే పెట్టె ముందుగా ఆర్టీఎస్ అనే చిన్న కబురు వేస్తుంది. అది అందగానే రిసీవర్ మిగతా వరసల్ని లేపి, బదులిచ్చి, అసలు డేటాని అన్నిటితో అందుకుంటుంది. 5జీ ప్రమాణంలో 2020లో ఖరారైన కూర్పు, రిలీజ్ 16 కూడా పని తక్కువున్నప్పుడు తక్కువ యాంటెన్నాలతో సరిపెట్టుకునే వీలిచ్చింది.

ఇదంతా ఎందుకంటే, వైఫై రిసీవర్ బతుకులో ఎక్కువ భాగం ఎదురుచూపే. ఏమీ రాకపోయినా మెలకువగా వింటున్నంతసేపూ దాదాపు అందుకుంటున్నంత కరెంటూ పోతుంది. నీ వ్యాసంలో ఎదురుచూపు గురించి ఒక్క ముక్క లేదు. నా మటుకు వ్యాసం అక్కడే మొదలవ్వాలి.

అలాగని ఎప్పుడూ ఒక్కటే చాలని రాసేవు! టవర్‌కి దూరంగా, కొబ్బరితోటల నడుమ ఉన్న లంకలో సిగ్నల్ సన్నగా ఉంటుంది. అక్కడ మూడు వరసలు ఆపితే వేగం పడిపోతుంది, అదే ఫొటో డౌన్‌లోడ్ అవ్వడానికి ఎక్కువసేపు పడుతుంది, ఫోను అంతసేపూ మెలకువగానే ఉండాలి. చివరికి ఖర్చు పెరగొచ్చు. కాబట్టి గంటకి ఎంత అని కాకుండా, ఒక ఫొటోకి ఎంత అని లెక్క చెప్పు.

ఏడీసీని ఒక్క వాక్యంలో దాటేశావు. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకి ఇస్తారు. మూడో దశాంశం దాకా ఎవరూ చూడరు, ఊరు ఖాళీ చేయించడానికి రెండు చాలు. ఏడీసీ కొలతా అంతే, అవసరానికి మించి సన్నగా కొలవక్కర్లేదు. దాని అంకెలో ఒక్కో బిట్టు, అంటే సున్నా లేదా ఒకటి ఉండే ఒక స్థానం, పెంచితే కొలిచే మెట్లు రెట్టింపవుతాయి, కరెంటూ సుమారుగా రెట్టింపవుతుంది. అందుకే యాంటెన్నాలు బాగా ఎక్కువున్న చోట, ఒక్కోదానికి రెండు మూడు బిట్లు, ఒక్కోసారి ఒక్క బిట్టుతోనే సరిపెట్టొచ్చా అని పరిశోధకులు చూస్తున్నారు. దీనికి ఒక పేరా ఇవ్వు.

కాలవలు కట్టేసేలోపు తిరగరాసి తీసుకురా. పన్నెండు బిట్ల నుంచి ఎనిమిదికి దిగితే ఎంత మిగులుతుందో లెక్క నువ్వే చేత్తో వేసి, అంచున రాసి పట్టుకురా.