మంచాన ఉన్న అమ్మకు నడుము కింద చర్మం కమిలింది, ఏం చేయాలి?

తుంటి ఎముక ఆపరేషన్ తర్వాత మూడు వారాలుగా మీ అమ్మగారు మంచం మీదే ఉన్నారని, నడుము కింద చర్మం రంగు మారిందని రాశారు. స్పిరిట్‌తో మర్దన చేసి పౌడర్ చల్లమని, మధ్యలో ఖాళీ ఉండే రబ్బరు ట్యూబు కొనమని పక్కింటివారు చెబుతున్నారని కూడా రాశారు. దయచేసి అవేవీ చేయకండి. మా నాన్నగారికి పక్షవాతం వచ్చినప్పుడు మేము అవన్నీ చేశాం. ఆ తర్వాత జరిగింది కళ్లారా చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముందు అమ్మగారిని పక్కకు తిప్పి, రంగు మారిన చోట వేలితో మూడు సెకన్లు మెల్లగా నొక్కి వదలండి. పాలిపోయి మళ్లీ రంగు వస్తే అక్కడ రక్తం ఇంకా ఆడుతోందని అర్థం. నొక్కినా రంగు మారకపోతే, చర్మం చిట్లకపోయినా సరే, పడకపుండు మొదలైనట్టే. ఇంకో సంగతి. చామనఛాయ, నలుపు ఒంటి మీద ఎరుపు సరిగా కనిపించదు. మా నాన్నగారిది నల్లని ఒళ్లు. అందరూ చెప్పినట్టు మేము ఎరుపు కోసమే చూశాం, అది లేదు కదా అని నిశ్చింతగా ఉన్నాం. డ్రెస్సింగ్‌కు వచ్చిన నర్సమ్మ నా చేయి పట్టుకుని అక్కడ పెట్టించింది. చుట్టుపక్కల కంటే వేడిగా, కాస్త గట్టిగా తగిలింది. వెలుతురులో చూస్తే పలచని ఊదారంగు మచ్చ. కళ్లతో పాటు చేత్తో కూడా చూడాలని ఆ రోజే తెలిసింది.

ఎముకకూ పరుపుకూ మధ్య నలిగిన చోట రక్తం అందక లోపలి కండ చచ్చిపోతుంది. చాలాసార్లు లోపల పాడైన తర్వాతే పైకి తెలుస్తుంది. అందుకే అక్కడ రుద్దకూడదు, అప్పటికే దెబ్బతిన్న సన్నని రక్తనాళాలు ఇంకా చితుకుతాయి. స్పిరిట్ చర్మాన్ని ఎండబెడుతుంది. పౌడర్ చెమటకు ముద్దకట్టి మడతల్లో ఒరుసుకుంటుంది. ఇక ట్యూబు అంచు చుట్టూ నొక్కి, మధ్యలో ఉన్న చర్మానికి రక్తం సరిగా అందనివ్వదు.

అసలు మందు తిప్పడమే. సుమారు రెండు గంటలకోసారి, రాత్రి కూడా. పూర్తిగా పక్కకు పడుకోబెడితే బరువంతా తుంటి మీద పడుతుంది. వీపు వెనుక దిండు పెట్టి 30 డిగ్రీల వాలుగా ఉంచితే చాలు. అమ్మగారికి తుంటి ఆపరేషన్ అయింది కాబట్టి ఎటు తిప్పవచ్చో, మోకాళ్ల మధ్య దిండు ఎలా పెట్టాలో ఆపరేషన్ చేసిన డాక్టరును ముందే అడగండి. లాగవద్దు. కింద మడిచి వేసిన దుప్పటిని ఇద్దరు చెరోవైపు పట్టుకుని ఎత్తి జరపండి. మేము గోడకు కాగితం అంటించి ఏ గంటకు ఎటు తిప్పామో రాసుకునేవాళ్లం. రాత్రి పది, పన్నెండు నావి. రెండు, నాలుగు మా తమ్ముడివి. ఆ కాగితం లేనప్పుడు ఎవరో ఒకరు తిప్పి ఉంటారులే అనుకుని ఇద్దరమూ వదిలేసిన రాత్రులు ఉన్నాయి. తల వైపు మంచం ఎక్కువసేపు ఎత్తి ఉంచినా మనిషి కిందికి జారి చర్మం సాగి నలుగుతుంది. భోజనానికి ఎత్తండి, తిన్నాక అరగంట నుంచి గంట దాకా ఆగి మళ్లీ దించండి.

మడమల గురించి మీరు ఏమీ రాయలేదు. మేమూ మరిచిపోయాం. పాదాలు చల్లబడుతున్నాయని నాన్నగారికి మేజోళ్లు వేశాం. రోజూ నడుము చూసుకున్నాం కానీ మేజోళ్లు విప్పలేదు. పదకొండో రోజు విప్పితే ఎడమ మడమ మీద రూపాయి బిళ్లంత నల్లటి బొబ్బ. అది మానడానికి నాలుగు నెలలు పట్టింది. పిక్కల కింద దిండు పొడవుగా పెట్టి మడమలు గాలిలో ఉండేలా చూడండి. మడమకూ పరుపుకూ మధ్య కాగితం సులువుగా దూరిపోవాలి.

గాలి పరుపు అద్దెకు దొరికితే తెచ్చుకోండి, అయినా తిప్పడం మాత్రం మానకండి. దాని మీద మందపాటి బొంత, రెక్సిన్ వేస్తే పరుపు వల్ల వచ్చే లాభం పోతుంది. పలచని నూలు దుప్పటి ఒక్కటి చాలు, అదీ ముడతలు లేకుండా. డైపర్ తడిసిన వెంటనే మార్చి, గోరువెచ్చని నీళ్లతో కడిగి, మెత్తని గుడ్డతో అద్ది, జింక్ ఆక్సైడ్ క్రీమ్ పలచగా రాయండి.

పప్పు తింటే చీము పడుతుందని మా ఇంట్లో పెద్దలు నాన్నగారికి నెల రోజులు జావ, చారన్నమే పెట్టించారు. చర్మం మళ్లీ కట్టుకోవాలంటే మాంసకృత్తులే కావాలి. పుండు ఉన్నవాళ్లకు కిలో బరువుకు రోజుకు 1.25 నుంచి 1.5 గ్రాముల దాకా కావాలంటారు. 50 కిలోల మనిషికి అది 60 గ్రాముల పైమాటే. ఒక గుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములు. పప్పు, పెరుగు, గుడ్డు, చేప ఏది తినగలిగితే అది పెట్టండి. మూత్రపిండాల జబ్బు ఉంటే మాత్రం డాక్టరును అడిగి పెట్టండి. చక్కెర వ్యాధి ఉంటే అది అదుపులో లేనిదే పుండు మానదు.

నొక్కినప్పుడు రంగు మారకపోతే రేపే డాక్టరుకు చెప్పండి. చర్మం చిట్లినా, నల్లబడినా, వాసన వచ్చినా, జ్వరం తగిలినా అసలు ఆగవద్దు. పుండు మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయకండి, అది కొత్తగా వచ్చే కండను కూడా చంపేస్తుంది. సెలైన్‌తో కడగడం చాలు.

ఈ రాత్రే మడమలు కూడా చూసి, వేలితో నొక్కితే ఎలా ఉందో ఇక్కడ రాయండి. మీ జవాబు కోసం చూస్తుంటాను.