ప్రార్థనలో ఊరట దొరుకుతోంది, ఇంటికొస్తే ఏడుపు ఆగడం లేదు... ఇది జబ్బా?

ప్రశ్న: నా వయసు 56. మాది సికింద్రాబాద్. ఐదు నెలల క్రితం మావారు గుండెపోటుతో ప్రభువు సన్నిధికి వెళ్లిపోయారు. చర్చిలో పాటలు పాడుతున్నంతసేపు మనసు నెమ్మదిగా ఉంటుంది. ఇంటికొచ్చి తాళం తీయగానే దుఃఖం పొంగుకొస్తుంది. తెల్లవారుజామున ఆయన పిలిచినట్టు వినిపిస్తుంది. ఇక నిద్ర పట్టదు. ‘విశ్వాసులు ఇలా ఏడవకూడదు’ అంటున్నారు కొందరు. షుగర్‌కు గ్లిమెపిరైడ్ మాత్ర వాడుతున్నాను. శుక్రవారాలు ఉపవాస ప్రార్థనకు వెళ్తాను. మా ఆడపడుచు తన నిద్రమాత్ర వేసుకోమంటోంది. వేసుకోవచ్చా? నాకేమైనా మానసిక జబ్బా?
– ఒక సోదరి

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఇది జబ్బులా లేదమ్మా, దుఃఖమే. పోయినవాళ్ల గొంతు వినిపించడం భర్తనో భార్యనో పోగొట్టుకున్నవారిలో చాలామందికి ఉంటుంది. ముఖ్యంగా నిద్రలోంచి మెలకువలోకి వచ్చేటప్పుడు. అది పిచ్చి కాదు. ఆ గొంతు భయపెడుతున్నా, ఏదైనా చెయ్యమని పురమాయిస్తున్నా మాత్రం వెంటనే చూపించుకోండి.

ఏడవకూడదన్న మాట నేను ఒప్పుకోను. లాజరు సమాధి దగ్గర ‘యేసు కన్నీళ్లు విడిచెను’ అని యోహాను సువార్తలోనే ఉంది కదా. నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడవద్దన్నాడు పౌలు, అసలు దుఃఖమే వద్దనలేదు. ఇవన్నీ నాకంటే మీకే బాగా తెలుసు. ఏడుపును బిగబట్టుకుని సాక్ష్యం చెప్పాల్సిన పనిలేదు.

చర్చిలో నెమ్మది కలగడానికి మీ విశ్వాసంతో పాటు ఇంకొన్ని కారణాలూ ఉన్నాయి. వేళకు లేచి, చీర మార్చుకుని బయటకు వస్తారు. పదిమందితో కలిసి పాడుతుంటే ఊపిరి నిదానిస్తుంది. ఆయన పేరు ఎత్తేవాళ్లు అక్కడ ఉంటారు. ఇంట్లో అవేవీ లేవు. ఆదరణ కూడికలప్పుడు ఇల్లంతా జనం, ఆ తర్వాత ఫోన్లు కూడా రావు. ఆదివారం ఆరాధన అయ్యాక మహిళా సమాజంలో ఒకరిని మీతో ఇంటిదాకా రమ్మనండి. తాళం తీసేటప్పుడు పక్కన మనిషి ఉండాలి. మొహమాటమైతే పాస్టర్ గారితో చెప్పించండి.

నాకు ఎక్కువ టెన్షన్ మీ ఉపవాసం గురించే. గ్లిమెపిరైడ్ వేసుకుని ఏమీ తినకపోతే షుగర్ 70 కంటే కిందికి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండె దడ, కళ్లు తిరగడం వస్తాయి. ప్రార్థనలో అలా పడిపోతే అందరూ దుఃఖంతో సొమ్మసిల్లిందనుకుంటారు! అలా అనిపిస్తే వెంటనే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగి, తర్వాత ఏదైనా తినండి. మీ షుగర్ డాక్టర్‌ను అడిగేదాకా ఉపవాసం ఆపండి, ప్రార్థన కాదు. మాత్రను మీ అంతట మీరు మానకండి.

ఆడపడుచు మాత్ర వద్దే వద్దు. కొన్ని నిద్రమాత్రలు అలవాటైపోతాయి, రాత్రి లేచినప్పుడు తూలి పడే ప్రమాదమూ ఉంది. మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం టీ తగ్గించి చూడండి.

దుఃఖం ఆరు నెలలు దాటినా ఏమాత్రం తగ్గక, రోజువారీ పనులు సాగకపోతే దాన్ని దీర్ఘకాలిక దుఃఖ సమస్యగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. కౌన్సెలింగ్‌తో నయం చేయవచ్చు. ఇంకో మాట సూటిగా అడుగుతున్నాను. ‘నేనూ ఆయన దగ్గరికే వెళ్లిపోతే బాగుండు’ అనిపిస్తోందా? మన ఇళ్లల్లో అది భక్తి మాటగా చెల్లిపోతుంది. ఆ ఆలోచన పదేపదే వస్తున్నా, ఎలా చనిపోవాలా అని ఆలోచిస్తున్నా ఆ రోజే పిల్లలకో, అయినవాళ్లకో చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక వైద్యశాలలోనూ చూపించుకోవచ్చు.
– సైకియాట్రిస్ట్, హైదరాబాద్